బాలస్వామి కట్టిన నీటిదారి ఆట

రా తల్లీ రా, ఎండనపడి వచ్చావు, ముందా మంచినీళ్ళు తాగు. జగ్గయ్యపేట నుంచి ఆటోలోనేనా? కోడిపిల్లల్ని గంపలో కుక్కినట్టు కుక్కి ఉంటాడు వాడు, నాకు తెలీదా. ఆఁ, ఇప్పుడు చెప్పు, ఏదో కనుక్కోవాలని ఫోన్ చేశావు. ఏంటీ, నీటిదారి ఆటా! ఓసి నీ ఇల్లు బంగారం గానూ, ఆ మాట నా చెవినపడి ఎన్నేళ్ళయిందే జాయిసూ. ఫోన్లో కథ రాస్తున్నావా? రెక్కల గుర్రాలూ, మాంత్రికులూ, పొగలు కక్కే కొండలూ, వాటి మధ్యన ఒక పిల్ల ఏదో పవిత్రమైన ఆట, అదే డాన్సు, ఆడాలి, ఆ ఆటకి అర్థం ఏంటో ఈ బెన్ని తాత చెప్పాలి. బాగుంది వరస. మీ ముత్తాత కూడా అట్టాంటి కథే కట్టాడు, మరి ఆ రక్తం ఎక్కడికి పోద్ది? నీకు బాలస్వామి అంటే గోడ మీద ఫోటో. నాకు పెదనాన్న కొడుకు. మీ నాయనమ్మ రోజారమణిని కన్న తండ్రి. ఆ ఫోటోలో చూసి గంభీరమైన మనిషి అనుకునేవు, అదేం లేదు, ఫోటో తీసేవాడు నవ్వొద్దన్నాడని ఊపిరి బిగబట్టి కూచున్నాడంతే.

బాలస్వామి పనేంటంటే, భవానీప్రసాద్ గారి పొలానికి నీళ్ళు కట్టటం. నీళ్ళు కట్టటం అంటే మోటారు స్విచ్చి వేసి నీడన పడుకోవటం కాదే. కాలవలో నీళ్ళు వచ్చినప్పుడే వచ్చినట్టు. ఒక మడి తడిసిందనగానే గండి పూడ్చాలి, పక్క మడికి తెంచాలి. నీళ్ళు మొండికేస్తాయి, గట్టు కింద ఎలక బొరియ చూసుకుని అందులోకి జారతాయి. అప్పుడు పార మూలతో నేల మీద ఇట్టా ఒక గీత గీస్తే చాలు, ఆ గీత పట్టుకుని వచ్చేస్తాయి. ఈయన నీళ్ళతో మాట్లాడేవాడు. 'ఇటు రావే నా తల్లీ, అటెక్కడికి, అక్కడేమన్నా చుట్టాలున్నారా నీకు?' అని. భవానీప్రసాద్ గారు గట్టు మీద నుంచుని అరిచేవాడు, 'ఏరా, నీళ్ళతో కాపురం చేస్తున్నావా, పని చేస్తున్నావా?' అని. చదివింది అయిదో క్లాసు. కానీ పల్లీలు కట్టిచ్చిన కాయితం కూడా చదవకుండా పారేసేవాడు కాదు, సగంలో చిరిగిపోయిన కథైతే మిగతా సగం ఆయనే కల్పించి మాకు చెప్పేవాడు. అదీ మనిషి.

ఇక మీ నాయనమ్మ. దానికి పసితనంలో జొరం వచ్చి ఎడమకాలు పడిపోయింది. పోలియో అని ఇప్పుడంటన్నాం, అప్పుడు గాలి సోకిందన్నారు. తల్లి కూడా లేదు, తండ్రీ, వాళ్ళ నాయనమ్మ ముసల్ది పున్నమ్మా, ఇద్దరే పెంచారు. బడికి పోతే వెనకాల పిల్లకాయలు కాళ్ళు ఈడ్చుకుంటా నడిచి వెక్కిరించేవాళ్ళు. ఎన్నాళ్ళని ఓర్చుకుంటది? బడి మానేసింది. గుడి కాడ క్రిస్మస్ నాటకం వేస్తే దేవదూతలకి రెక్కలు కుట్టి ఇచ్చేది, తెర వెనక కూచుని అందరి మాటలూ అప్పజెప్పేది. నిజం చెప్పాలంటే నాటకం మొత్తం వచ్చింది దానికొక్కదానికే. 'నువ్వు కూడా వెయ్యవే' అంటే, 'తెర వెనక నాకేం తక్కువయింది బాబాయ్' అనేది. బాలస్వామి ఆ మాట వింటా అటు తిరిగి బీడీ ముట్టించుకునేవాడు. ముట్టించుకుని తాగేవాడు కాదు, అది చేతిలోనే ఆరిపోయేది.

ఒకనాడు ఏమయింది, మధ్యాహ్నం పూట అది తండ్రికి అన్నం క్యారేజీ పట్టుకుని పొలానికి వచ్చింది. అప్పటికి పదహారో పదిహేడో దానికి. తడికి మెత్తగా పదునెక్కిన మడిలోంచి అడ్డంగా పడి వస్తంది. ఎడమకాలు ఈడుస్తంటే నేలమీద గాడి పడతంది. బాలస్వామి అప్పుడే గండి తెంచాడు. నీళ్ళు ఆ గాడి పట్టుకున్నాయి. ఆ పిల్ల ఎటు తిరిగితే అటు, వెనకాలే వస్తున్నాయి, దూడ తల్లి వెంట వచ్చినట్టు. దానికేం తెలుసు, క్యారేజీలో చారు ఒలికిపోకుండా చూసుకుంటా వస్తంది. ఈయన పార వదిలేసి అట్టానే నుంచుండిపోయాడంట. అవతల మడి పొంగి పక్కోళ్ళ చేలో పడింది, భవానీప్రసాద్ గారు ఆ రోజు పెట్టిన చివాట్లు మునేరు అవతల ఒడ్డుకి వినపడ్డాయి. తిట్లు తింటానే ఉన్నాడు, మొహం మాత్రం వెలిగిపోతంది. నా దగ్గరకొచ్చి, 'ఒరే బెన్నిగా, కథ దొరికిందిరా' అన్నాడు.

ఆ కథ చెప్తా, రాసుకో. ఒక రాజ్యం ఉంటది, పేరేదో పెట్టాడు, మర్చిపోయా. దాహాసురుడని ఒక రాక్షసుడు. ఆ వేషం నాదే, గొంతు వింటున్నావుగా, ఇప్పటికీ నేను దగ్గితే వెనక వీధిలో కుక్కలు లేస్తాయి. ఈ రాక్షసుడు నీళ్ళు తాగెయ్యడు. తాగితే ఏముంది, మామూలు రాక్షసుడు. వీడు నీళ్ళకి జ్ఞాపకం లేకుండా చేస్తాడు. ఏటికి తన దారి తనకి తెలీదు. కొండ మీద నీళ్ళన్నీ గోడలాగా నుంచుని ఉంటాయి, కిందకి ఎట్టా దిగాలో తెలీక. కింద జనం నాలికలు పిడచకట్టి చస్తన్నారు. రాజు సైన్యాన్ని పంపితే వాళ్ళు కత్తులు పెట్టి నీళ్ళని నరుకుతారు. నీళ్ళకేం, నరికితే నెప్పా? మంత్రగాళ్ళు వస్తారు, పోతారు. ఆఖరికి ఒక గుడ్డి ముసలమ్మ చెప్తది. 'మీరంతా నడుస్తన్నారు గానీ అడుగడుక్కీ నేలని వదిలేస్తన్నారు నాయనా. పాదం ఎత్తిన ప్రతిసారీ నేల మిమ్మల్ని మర్చిపోతంది. నేలని విడిచిపెట్టకుండా నడిచే మనిషిని తీసుకురండి. ఆ మనిషి పాదంతో రాస్తే నీళ్ళు చదువుకుంటాయి' అని. ఆ మనిషే నీటికన్నె. కుడికాలు వెయ్యాలి, నడుం వంచాలి, ఎడమకాలు మెల్లగా ఈడవాలి. చేతులు రెండూ వెనక్కి పెట్టాలి, వెనకాల వచ్చే పసిపిల్లకి వేలు అందించినట్టు. తిరిగి చూడకూడదు, చూస్తే నీళ్ళకి సిగ్గేసి ఆగిపోతాయి. తొందరపడితే దారి తెగిపోద్ది. అదీ ఆట. నీ కథలో ఇంతకన్నా గొప్పది ఉంటే చెప్పు, నేనే ఒప్పుకుంటా.

పాస్టరుగారు అడ్డం తిరిగాడు. 'ఇది బైబిల్లో ఎక్కడుంది బాలస్వామీ?' అన్నాడు. 'ఎక్కడా లేదండి. మా రోజా కూడా బైబిల్లో లేదండి, అయినా దేవుడే చేశాడు గదండి' అన్నాడు ఈయన. దాంతో పాస్టరుగారు మెత్తబడి, గుళ్ళో కాదు, బడి ముందర వేసుకోండన్నాడు. ఆయన్ని ఒప్పించటం తేలికే, కూతుర్ని ఒప్పించటం దగ్గరే వచ్చింది చిక్కు. కథ అంతా విని అది కళ్ళెర్రజేసింది. 'నాన్నా, నా కాలు చూసి ఊరు నవ్వింది చాలదా, ఇక లైట్లు పెట్టి మరీ చూపిస్తావా?' అంది. నేను అక్కడే ఉన్నా. బాలస్వామి మొహంలో నెత్తురు చుక్క లేదు. అయినా ఎత్తుకున్నాడమ్మా అబద్ధం! 'నీ కాలేంటే, మధ్యలో నీ కాలి మాట ఎవరెత్తారు? ఇది మా అమ్మమ్మ ఆడిన ఆట. ముక్త్యాల కాడ, కృష్ణ ఒడ్డున, పాతకాలంలో ఆడేవాళ్ళు. ఎడమకాలు ఈడ్చే ఆడాలి, అది పద్ధతి. నీకు సుళువుగా వస్తదని అడిగా. నీకొద్దంటే ఇంకో పిల్లని పెట్టి ఈడ్పిస్తా, నాకేం' అన్నాడు. అబద్ధమాడినా అతికినట్టుండాలంటారు చూడు, అట్టా అతికాడు. అది అనుమానంగా నాకేసి చూసింది. నేను, 'ఆఁ, మా పెద్దోళ్ళు చెప్తా ఉంటే విన్నా' అన్నా. బయటికొచ్చాక నా రెండు చేతులూ పట్టుకున్నాడు. 'ఒరే, ఇది నీ కడుపులోనే ఉండాలి. దానికి తెలిసిందంటే మళ్ళీ జన్మలో గడప దాటదు' అన్నాడు. ఆ మనిషి ఏనాడూ ఎవర్నీ ఏదీ అడిగినవాడు కాదు. అదొక్కటే అడిగాడు.

మూడో నాడు రోజా తనే ఆడతానంది. నాటకం నాడు ఊరు ఊరంతా వచ్చింది. అది తెర బయటికొచ్చి నాలుగడుగులు వేసిందో లేదో, వెనకాల ఎవడో ఈలేసి, 'కుంటి డాన్సురోయ్!' అన్నాడు. పిల్ల ఆగిపోయింది. నాకు ఒళ్ళు మండింది చూడు, కథలో నీటికన్నె అడుగు పెట్టగానే నేను చచ్చిపడి ఉండాల్సింది, లేచి కత్తి ఎత్తి, 'ఎవడ్రా అది, రా ముందుకి!' అని జనం మీదికి పోయా. దాహాసురుడు నీటికన్నె తరఫున కొట్లాటకి పోవటం ఏ కథలో అయినా ఉందా? జనం ఒకటే నవ్వు. అదీ నవ్వింది. ఆ నవ్వు మొహంతోనే మళ్ళీ కాలు ఈడ్చింది. ఇక ఆగలా. పై నుంచి కిందికి స్టేజీ అంతా తిరిగింది, వెనకాల నీలం చీరలు పట్టుకున్న పిల్లలు నీళ్ళలాగా దాని వెంట. నేను చచ్చిపడుకుని కళ్ళు తెరుచుకుని చూస్తన్నా. ఏడుపొచ్చింది నాకు, మొహం రంగు కారి నోట్లోకి పోయింది. తర్వాత సంగతి విను, నవ్వుతావు. పల్లెలో ఆడపిల్లలందరికీ ఆ వేషమే కావాలి. సీతారావమ్మ అని ఉండేది, కూతుర్ని వీధిలో నడిపిస్తా, 'సరిగ్గా ఈడవ్వే దిక్కుమాలినదానా, రోజా ఎట్టా ఈడుస్తదో చూసి నేర్చుకో!' అని తిట్టేది. వెక్కిరించటానికి కాళ్ళీడ్చిన ఊరు నేర్చుకోవటానికి ఈడ్చింది. నందిగామ పిలిచారు, అక్కడా వేశాం. మీ నాయనమ్మ మళ్ళీ బడికి పోయింది. అది టీచరై పెన్షన్ తీసుకుంటందంటే, మొదటి మెట్టు అక్కడ పడిందే.

అంతా బాగానే ఉంది గానీ, అసలు తంటా రెండేళ్ళ తర్వాత వచ్చింది. ఆ యేడు చుక్క వాన లేదు. మునేరు ఎండి ఇసక తేలింది, చెలమలు తవ్వుకుని గిన్నెతో తోడుకునేవాళ్ళం. నారు మాడిపోయింది. గుళ్ళో ఉపవాస ప్రార్థనలు, అటు ఊళ్ళో వాళ్ళు కావిళ్ళతో నీళ్ళు తెచ్చి అమ్మవారికి అభిషేకాలు. ఏదీ పనిచెయ్యలా. ఒక పొద్దున భవానీప్రసాద్ గారు తన కాళ్ళతో తాను మన పల్లెలోకి వచ్చాడు. ఎన్నడూ రాని మనిషి. 'ఏమయ్యా బాలస్వామీ, మీ అమ్మమ్మ వాళ్ళు కృష్ణ ఒడ్డున ఆడిన ఆటంట గదా, నీళ్ళని పిలిచే ఆట. మీ అమ్మాయి చేత మునేట్లో ఆడించు' అన్నాడు. ఆయన వెనకాల మన వాళ్ళు కూడా, 'ఆడించు మావా, పోయేదేముంది' అని. చూశావా, నాటకంలో ఆట నిజం ఆట అయి కూచుంది. దాన్ని కట్టినోడికి తప్ప అందరికీ దానిమీద నమ్మకమే.

బాలస్వామి కుడితిలో పడ్డ ఎలక అయిపోయాడు. మా ఇంటికొచ్చి ఇదిగో ఈ అరుగు మీదే కూచున్నాడు. 'ఒరే బెన్నిగా, వాన రాదు, నాకు తెలుసు. అప్పుడేమంటారు? కుంటిదాని చేత ఆడించాం, అందుకే రాలేదంటారు. బతికినన్నాళ్ళూ ఆ మాట దాని వెంటే వస్తది. పోనీ ఇదంతా నేను అల్లిందేనని చెప్పేద్దామా, ఊరు నన్ను చెప్పుతో కొట్టినా పడతా. కానీ అది నా మొహం చూసి, నా కాలు కప్పటానికి కట్టావా నాన్నా అంటే నేనేం చెప్పనురా?' అన్నాడు. ముందు నుయ్యి వెనక గొయ్యి. ఇద్దరం తలలు పట్టుకుని కూచున్నాం. ఈలోపు అదే వచ్చింది, కాలు ఈడ్చుకుంటా, చేతిలో తండ్రి కండవా. 'నాన్నా, వాళ్ళకి నేను ఆడతానని చెప్పేశా, పద' అంది.

మునేట్లో జనం తిరునాళ్ళలాగా ఉన్నారు. ఒక పక్క పసుపూ కుంకాలూ, ఒక పక్క బైబిళ్ళూ. పాస్టరుగారు మొహం ముటముటలాడించుకుంటా వచ్చాడు, కానీ వచ్చాడు. ఇసక కాలిపోతంది. అది ఏటి నడిమధ్యన మిగిలిన చెలమ కాడ మొదలెట్టింది. డప్పు లేదు, పాట లేదు. చేతులు వెనక్కి పెట్టి, కాలు ఈడ్చుకుంటా, ఈడ్చుకుంటా, ఒడ్డుకేసి వచ్చింది. మధ్యలో ఆగి ఆయాసపడింది గానీ తిరిగి చూళ్ళేదు. వెనకాల ఇసకలో గీత. ఆ గీత తెచ్చి తెచ్చి మన కాలవ తూము కాడ ఆపింది. జనమంతా తలలెత్తి ఆకాశం కేసి చూశారు. ఆకాశంలో ఏముంది, నా మొహం ఉంది. ఒక కాకి పోయింది. అప్పుడు మొదలయ్యాయి గొణుగుళ్ళు. ఎవడో అననే అన్నాడు, 'కాళ్ళు సరిగా ఉన్నోళ్ళు ఆడాల్సిందేమోలే' అని.

బాలస్వామి లేచాడు. చేతులు జోడించాడు. 'అయ్యా, తప్పు నాది. దానికేం సంబంధం లేదు. ఈ ఆట...' అన్నాడు. నేను కళ్ళు మూసుకున్నా, అయిపోయిందిరా అని. 'నువ్వుండు నాన్నా' అంది అది. ఎంత గట్టిగా అంది! ఎవరి ముందూ నోరెత్తని పిల్ల. 'మా తాతమ్మ ఈ ఆట వాన కోసం ఆడలేదండీ. వాన పైవాడి పని. వచ్చిన నీళ్ళు దారి తప్పకుండా చూడటం మన పని. అందుకే చెలమ కాడ నుంచి తూము దాకా గీశా. చూడండి తూముని. తుమ్మ చెట్లు మొలిచాయి. పూడిక తీసి ఎన్నాళ్ళయింది? రేపు వాన వస్తే మాత్రం నీళ్ళు ఎటు రావాలి? దారి చూపించటం వరకే ఆట. తవ్వటం ఎవరు తవ్వాలో కూడా మా తాతమ్మే వచ్చి చెప్పాలా?' అంది. పాస్టరుగారు ఉండబట్టలేక 'ఆమెన్!' అన్నాడు, అని నాలిక కరుచుకున్నాడు. భవానీప్రసాద్ గారి మొహం చూడాలి. తూము పూడిక తీయించాల్సిన పెద్దమనిషి ఆయనే మరి. మర్నాటికి పారలు దిగినయ్, మనవీ, వాళ్ళవీ. వాన ఎప్పుడో దాని ఇష్టమొచ్చినప్పుడు వచ్చింది. ఆట వల్ల వచ్చిందని నేను చచ్చినా అనను. కానీ ఆ యేడు నీళ్ళు పల్లె చివరి పొలం చెక్కల దాకా పారినయ్, అది మాత్రం నా కళ్ళతో చూశా.

ఇంటికి పోతా దారిలో బాలస్వామి నా భుజం పట్టుకున్నాడు. 'దానికి నువ్వేమన్నా చెప్పావా?' అన్నాడు. ఒట్టు, నేను చెప్పలేదన్నా. అప్పుడు ఏడ్చాడమ్మా, గట్టు మీద కూలబడి చిన్నపిల్లాడిలాగా. 'ఎంత నమ్మిందిరా నన్ను, అంతమందిలో మా తాతమ్మ అని ఎట్టా చెప్పిందో విన్నావా' అని. సరే, ఆయన సంగతి అట్టా ఉంచు. మర్నాడు బావి కాడ దాన్ని పట్టుకున్నా. 'ఏమే రోజా, వాన కోసం కాదని మీ తాతమ్మ నీకెప్పుడు చెప్పిందే?' అన్నా. అది బిందె దించి నవ్వింది. 'బాబాయ్, నాటకం కంటే ముందే నాయనమ్మని అడిగా, మీ అమ్మ ఆటాడేదా అని. మా అమ్మ నవ్వితేనే చూసినోళ్ళు లేరు, ఇంకా ఆటా, అంది' అంది. చూశావా! ఊరందరికీ అతికించి చెప్పాడు గానీ, ఇంట్లో ఉన్న కన్నతల్లి పున్నమ్మ నోరు మర్చిపోయాడు మహానుభావుడు. 'మరి అబద్ధమని తెలిసీ ఎందుకాడావే?' అన్నా. 'నాకోసం అంత పెద్ద కథ కట్టాడు గదా బాబాయ్. కోపం వచ్చింది, రెండు రోజులు అన్నం కూడా తిన్లా. తర్వాత అనిపించింది, నన్ను బయటికి తీసుకురావటానికి చచ్చిపోయిన అమ్మమ్మ చేత కూడా ఆటాడించాడే ఈయన అని. నాకు తెలుసని తెలిస్తే తట్టుకోలేడు. నాయనమ్మ చేత కూడా ఒట్టేయించుకున్నా. నువ్వూ చెప్పకు' అంది. ఇక నా పని చూసుకో. తండ్రి ఒట్టు ఒక పక్క, కూతురి ఒట్టు ఒక పక్క, నేను మధ్యన మద్దెల. పోయేముందు మంచంలో కూడా ఆయనది అదే మాట. చూట్టానికి వచ్చినవాళ్ళందరికీ, 'మా అమ్మమ్మ ఆట మా రోజాతో నిలబడిందయ్యా' అని. అది కాళ్ళు ఒత్తుతా, 'అవును నాన్నా' అనేది. నేను బయటికి పోయేవాణ్ణి, అక్కడ ఉండలేక.

అదమ్మా దాని అర్థం. మీ ముత్తాత పోయి ముప్పై ఏళ్ళు దాటింది, ఇక ఎవరికి దాచాలి, నీ కథలో పెట్టుకుంటావు గదా అని చెప్పా. ఏంటే, రాయటం ఆపేశావు? మొహం అట్టా పెట్టావేంటి? ఇంతకీ ఈ సంగతి మీ నాయనమ్మని అడిగావా నువ్వు? అడిగావా! ఎప్పుడూ? నిన్ననా? ఏమంది? ... ముక్త్యాల కాడ, కృష్ణ ఒడ్డునా. వాళ్ళ తాతమ్మ ఆడేదని చెప్పిందా. నీతో కూడా అట్టానే చెప్పిందా.

...

నేను ముసలోణ్ణమ్మా, ఏదో వాగుతా, నాకేం గుర్తు. అది కొట్టెయ్యి, నేను చెప్పిందంతా కొట్టెయ్యి. మీ నాయనమ్మ చెప్పిందే రాసుకో. అదిగో, కోడలు టీ తెచ్చింది, తాగు.